పరాయి దేశంలో తోడెవరు?





నిజామాబాద్ పట్టణం నుంచి ఆర్మూర్, బాల్కొండ, భీమ్‌గల్ దిక్కు వెళ్లండి. లేదంటే బోధన్, రుద్రూర్, వర్ని, కోటగిరి దిక్కు వెళ్లండి. ఏ ఊళ్లో ఏ వాడలో ఆగి అడిగినా ఒకే రకం మాటలు వినబడతాయి. "మా పెద్దోడు దుబాయిల ఉన్నడు." "మా అల్లుడు సౌదీ పోయిండు." "మా తమ్ముడు కువైట్‌ల డ్రైవర్." ఏండ్ల సంది నడుస్తున్న వలస ఇది. తాతలు బొంబాయి పోయిన్రు, తండ్రులు మస్కట్ పోయిన్రు, కొడుకులు ఇప్పుడు ఖతర్ పోతున్నరు.

పోయినోళ్ల గురించి మనం మామూలుగా రెండు ప్రశ్నలే అడుగుతాం. పైసలు ఎన్ని పంపిండు? మళ్లా ఎప్పుడొస్తడు? ఈ చిన్న పుస్తకంలో మీతో మూడో ప్రశ్న ఒకటి చర్చించాలనుకుంటున్నాం. అక్కడ పక్క మంచం మీద పండే మనిషికి ఆపద వస్తే మనవాడు ఏం చేయాలి? నెత్తిన అప్పు పెట్టుకుని పోయినోడికి పరాయివాళ్ల కష్టం మోసే బాధ్యత ఉందా? ఉంటే ఎంతవరకు?

వారానికి ఒక్కనాడు సెలవు దొరికే మనిషికి ఇది చాలా దగ్గరి ప్రశ్న. ఆ ఒక్కనాడు కడుపునిండా నిద్రపోవాలా, ఎవరికోసమో ఆసుపత్రి చుట్టూ తిరగాలా? ధమ్మం ఇక్కడ ఏం చెబుతుందో చూద్దాం.

జీతం లేని కొలువు

గల్ఫ్ దేశాల్లో మన తెలుగువాళ్లు కొందరు జీతం లేని కొలువు ఒకటి చేస్తుంటారు. వాళ్లేమీ పెద్ద ఉద్యోగులు కారు. మేస్త్రీలు, డ్రైవర్లు, ఆఫీస్ బాయ్‌లు, చిన్న దుకాణాల్లో లెక్కలు రాసేవాళ్లు. డ్యూటీ దిగినంక ఫోన్ పట్టుకుని కూర్చుంటారు. ఎవరి పాస్‌పోర్టు కఫీల్ గుంజుకున్నడు, ఎవరికి నాలుగు నెలల జీతం రాలేదు, ఎవరు ఆసుపత్రిలో దిక్కులేక పడి ఉన్నరు, ఎవరు జైల్లో ఉన్నరు - ఈ కబుర్లన్నీ వాళ్ల దగ్గరికే చేరతాయి.

అన్నిటికంటే బరువైన పని శవాన్ని ఇంటికి పంపడం. ఒక కార్మికుడు చనిపోతే టికెట్ కొని విమానం ఎక్కించినంత తేలిక కాదు. ఆసుపత్రి మరణ ధ్రువీకరణ ఇవ్వాలి. పోలీసుల కాగితం రావాలి. కంపెనీ సంతకం పెట్టాలి. ఊళ్లో ఉన్న భార్యో తల్లిదండ్రులో సమ్మతి పత్రం పంపాలి. భారత రాయబార కార్యాలయం పాస్‌పోర్టు రద్దు చేసి నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. శరీరం చెడిపోకుండా మందు ఎక్కించాలి. పెట్టె తయారు చేయించాలి. కార్గో బుక్ చేయాలి. ఇందులో ఒక్క కాగితం ఆగినా పెట్టె అక్కడే ఆగుతుంది. రోజులు పోయి వారాలవుతాయి. ఇక్కడ వాకిట్లో చాప మీద కూర్చున్న తల్లికి ఆ కాగితాల సంగతి ఎవరు చెప్పాలి? అక్కడ ఆఫీసు కిటికీల ముందు ఎవరు నిలబడాలి? నిలబడేది ఈ జీతం లేని కొలువు చేసేవాళ్లే.

ఇట్లాంటి పనికి దేశమంతా ఎరిగిన పేరు ఒకటుంది. కేరళకు చెందిన అష్రఫ్ తామరశ్శేరి. యూఏఈలోని అజ్మాన్‌లో ఉంటాడు. మెకానిక్ షాపు ఆయన బతుకుదెరువు. వేలమంది శవాలను వాళ్ల వాళ్ల దేశాలకు చేర్చాడు. ఏ దేశం, ఏ మతం అని చూడలేదు. 2015లో భారత ప్రభుత్వం ఆయనకు ప్రవాసీ భారతీయ సమ్మాన్ ఇచ్చింది. 2018 ఫిబ్రవరిలో నటి శ్రీదేవి దుబాయిలో చనిపోయినప్పుడు ఆమె భౌతికకాయానికి సంబంధించిన కాగితాలు అందుకున్నది కూడా ఆయనే. పేరున్న నటికి ఏ చేతులు సాయపడ్డాయో, పేరులేని కూలీకి కూడా అవే చేతులు సాయపడ్డాయి.

ఆయన బౌద్ధుడు కాడు. అయినా ఆయన చేసిన పని మన ధమ్మంలో ఎక్కడ కూర్చుంటుందో తెలుసుకోవడం మనకు అవసరం. మంచి ఎక్కడున్నా గుర్తుపట్టగలగడమే సమ్యక్ దృష్టికి మొదటి మెట్టు.

విరేచనాలతో పడి ఉన్న భిక్షువు

వినయ పిటకంలో ఒక సంఘటన ఉంది. ఒక విహారంలో ఒక భిక్షువుకు విరేచనాలు పట్టుకున్నాయి. తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. చుట్టూ భిక్షువులు ఉన్నారు. ఒక్కరూ దగ్గరికి పోలేదు. తథాగతుడు ఆనందునితో కలిసి గదులు చూసుకుంటూ అటు వచ్చాడు. "నిన్ను చూసుకునేవాళ్లు లేరా?" అని అడిగాడు. "లేరు" అన్నాడు భిక్షువు. ఎందుకు చూడట్లేదంటే, తను ఎన్నడూ ఎవరికీ పనికిరాలేదు కాబట్టి అన్నాడు.

అప్పుడు తథాగతుడు ఉపన్యాసం మొదలుపెట్టలేదు. ఆనందుణ్ని నీళ్లు తెమ్మన్నాడు. తను నీళ్లు పోశాడు, ఆనందుడు కడిగాడు. తలవైపు ఒకరు, కాళ్లవైపు ఒకరు పట్టుకుని మంచం మీద పడుకోబెట్టారు. ఆ పని అయినాకే సంఘాన్ని పిలిచి మాట్లాడాడు. ఇల్లు విడిచి వచ్చిన మీకు ఇక్కడ తల్లి లేదు, తండ్రి లేడు, మీకు మీరు సేవ చేసుకోకపోతే ఇంకెవరు చేస్తారని అడిగాడు. తనకు సేవ చేయాలనుకునేవాళ్లు రోగికి సేవ చేస్తే చాలన్నాడు. బాబాసాహెబ్ కూడా "బుద్ధుడు, ఆయన ధమ్మం" గ్రంథంలో తథాగతుడు రోగుల పట్ల చూపిన శ్రద్ధకు ప్రత్యేకంగా చోటిచ్చారు.

ఈ కథను ఒక లేబర్ క్యాంపు గదిలో కూర్చుని చదవండి. ఎనిమిది, పది మంచాలున్న గది. జ్వరంతో ఒకడు పడి ఉన్నడు. తల్లి బోధన్ పక్క ఊళ్లో బీడీలు చుట్టుకుంటున్నది. భార్య పొలం పనిలో ఉంది. పక్క మంచంవాడు తెల్లారి నాలుగు గంటలకు బస్సు ఎక్కాలి. ఆ గదిలో మంచినీళ్ల గ్లాసు ఎవరు అందించాలి? తల్లీ తండ్రీ లేని చోట పక్కవాడే తల్లి, పక్కవాడే తండ్రి. తథాగతుడు చెప్పినదాంట్లో దేవుడు లేడు, పుణ్యం లెక్క లేదు. అవతలి మనిషికి ఇక్కడ మరెవరూ లేరు, నేను ఉన్నాను. బాధ్యత పుట్టడానికి ఆ ఒక్క కారణం చాలు.

కథలో ఇంకో సంగతి కూడా ఉంది. ఆ భిక్షువు ఎన్నడూ ఎవరికీ సాయం చేయలేదు. "వాడు మనకేం చేసిండు?" అని మిగతావాళ్లు వదిలేశారు. తథాగతుడు ఆ లెక్కను ఒప్పుకోలేదు. మీ గదిలో కూడా అట్లాంటోడు ఒకడు ఉంటడు. వంట వంతు ఎగ్గొడతడు, అప్పు తీసుకుని ఇయ్యడు. వానికి జ్వరం వచ్చిన నాడే మీ ధమ్మానికి పరీక్ష.

"వాని కర్మ" అనకండి

ఊరికి పెట్టె వచ్చిన నాడు ఎవరో ఒకరు అంటారు: "ఏం జేస్తం, వాని కర్మ. రాసిపెట్టి ఉన్నది." ఓదార్పు కోసం అన్నా, మనం ఆ మాట అనకూడదు. పోయిన జన్మ పాపమే ఈ జన్మ కష్టమనే సిద్ధాంతాన్ని బాబాసాహెబ్ తిరస్కరించారు. మన ముత్తాతలను ఊరవతల ఉంచింది ఆ సిద్ధాంతమే. అదే మాటను మన బిడ్డ శవం ముందు మనమే పలకొద్దు.

తథాగతుడు నేర్పింది కారణం వెతకమని. ఇది ఉంటే అది ఉంటుంది, ఇది లేకుంటే అది ఉండదు. మరి కారణాలేవి? కొన్ని మన కండ్ల ముందే ఉన్నాయి.

నిజాంసాగర్ కాలువ కింద చెరకు పండింది. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937-38లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేచింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. చెరకు కోతకు, బండ్లకు, ఫ్యాక్టరీ పనికి చుట్టుపక్కల వాడల నుంచి మనుషులు పోయేవాళ్లు. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబర్‌లో మూతపడింది. గల్ఫ్ వలస అంతకు ముందే ఉంది, నిజమే. కానీ ఇంటి దగ్గర దొరికే ఒక కొలువు పోయిన ప్రతిసారి, విమానం ఎక్కక తప్పని మనిషి ఒకడు పెరుగుతాడు.

రెండో కారణం ఏజెంటు. లైసెన్స్ ఉన్న ఏజెన్సీ తీసుకోదగ్గ ఛార్జీ 30 వేల రూపాయలు, దానిపైన జీఎస్టీ. మనోళ్లు కట్టేది ఎంతో మీకు తెలుసు. మూడోది మిత్తి. నూటికి రెండు రూపాయలు, మూడు రూపాయలు మిత్తికి తెచ్చి పోయినోడు జ్వరమొచ్చినా పనికి పోతడు. ఎండదెబ్బ తగిలినా పోతడు. నాలుగోది విజిట్ వీసా. దాని మీద పోయి పని చేస్తే చట్టం కంటికి ఆ మనిషే తప్పు చేసినోడు. కఫీల్ నుంచి పారిపోతే ఖల్లివెల్లి. దెబ్బ తగిలినా ఫిర్యాదు ఇయ్యడానికి భయం.

ఇన్ని కారణాలుంటే దాన్ని కర్మ అనడం అబద్ధమవుతుంది. కర్మ అంటే అక్కడితో ఆలోచన ఆగిపోతుంది. కారణం అంటే పని మొదలవుతుంది. సేవ చేసేవాళ్లు పెట్టెలు పంపుతూ ఉంటే సరిపోదు. పెట్టె ఎందుకు అవసరమైందో చెప్పడం కూడా వాళ్ల సేవలో భాగమే.

జాలి దగ్గర ఆగొద్దు

జాలి పైనుంచి కిందికి చూస్తుంది. "పాపం" అంటుంది, పది రూపాయలు వేస్తుంది, పోతుంది. మన జనం జాలిని చాలా చూశారు. దూరం నుంచి దోసిట్లో నీళ్లు పోసినోళ్లు కూడా తమకు జాలి ఉందనే అనుకున్నారు.

బాబాసాహెబ్ ధమ్మాన్ని వివరిస్తూ ప్రజ్ఞ, శీలం చెప్పి, కరుణ చెప్పి, అక్కడ ఆగకుండా మైత్రి దాకా తీసుకుపోయారు. కరుణ బాధపడే మనిషి మీద ఉంటుంది. మైత్రి అందరి మీదా ఉంటుంది. మైత్రిలో ఇచ్చేవాడు, తీసుకునేవాడు పక్కపక్కన కూర్చుంటారు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇప్పించిన 22 ప్రతిజ్ఞల్లో పది పారమితలు ఆచరిస్తానన్నది ఒకటి. దానంతో పాటు క్షాంతి, సత్యం, కరుణ, మైత్రి ఆ పదిలోనే ఉన్నాయి.

ఇక్కడ మనల్ని మనం గట్టిగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. క్యాంపులో బంగ్లాదేశ్‌వాడు ఉంటాడు, నేపాలీ ఉంటాడు, పాకిస్తానీ ఉంటాడు, ఆఫ్రికా మనిషి ఉంటాడు. కులం పేరుతో తిట్టు తిన్న మనం, ఆ మనుషుల దేశం పేరునే తిట్టుగా వాడుతున్నామా? వాళ్ల గిన్నె పక్కన మన గిన్నె పెట్టడానికి వెనకాడుతున్నామా? ఇంకా దగ్గరికి రండి. మన వాడల్లోనే ఒకరు మాల, ఒకరు మాదిగ అని చూసుకుని, ఆపదలో ఉన్నోడు "మనోడా, వాళ్లోడా" అని అడిగిన తర్వాత ఫోన్ ఎత్తుతున్నామా? జవాబు అవును అయితే మనం కట్టిన పంచశీల జెండా గుడ్డముక్కే. సాయం చేసే ముందు అడగదగ్గ ప్రశ్న ఒక్కటే: నీకు ఏం అవసరం?

మైత్రికి ఇంకో గుర్తు ఉంది. శవం పక్కన నిలబడి ఫోటో దిగి వాట్సాప్‌లో పెట్టే అలవాటు పెరిగింది. ఇంటివాళ్లకు కబురు చేరకముందే ఫోటో చేరుతుంది. చదువుకునే బిడ్డ ఫోన్లో తండ్రి ముఖాన్ని అట్లా చూడాల్సి వస్తే, ఆ సాయం ఎవరికి చేసినట్టు? కష్టంలో ఉన్న మనిషి ముఖం ఆ మనిషిది. దాన్ని వాడుకునే హక్కు సాయం చేసినంత మాత్రాన రాదు.

ప్రజ్ఞ తోడు లేని కరుణ

మంచి మనసు ఒక్కటే చాలదు. పరాయి దేశపు చట్టం తెలియకుండా సాయానికి దిగితే ఇద్దరూ మునుగుతారు.

యూఏఈలో అనుమతి లేకుండా చందాలు వసూలు చేయడం నేరం. ఒక వాట్సాప్ గ్రూపులో "అన్నలారా, తలా పది దిర్హాములు వేయండి" అని రాయడం కూడా ఇబ్బంది తెచ్చిపెట్టగలదు. కఫీల్ దగ్గర నుంచి పారిపోయి వచ్చినోణ్ని గదిలో దాచిపెట్టడం నేరమే, జరిమానా భారీగా ఉంటుంది. జాలితో దాచిపెట్టినోడు పట్టుబడితే, సాయం కావాల్సిన మనిషి ఒకడి బదులు ఇద్దరవుతారు.

మరి ఏం చేయాలి? రాయబార కార్యాలయాల దగ్గర 2009లో మొదలైన భారత సమాజ సంక్షేమ నిధి ఉంది. దిక్కులేని కార్మికుని టికెట్టుకు, తాత్కాలిక బసకు, శవాన్ని పంపడానికి దాన్నుంచి ఖర్చు పెట్టొచ్చు. విదేశాంగ శాఖ 2015లో మొదలుపెట్టిన మదద్ పోర్టల్‌లో ఇంటివాళ్లు ఇక్కడి నుంచే ఫిర్యాదు పెట్టొచ్చు. ఆ దేశాలు అప్పుడప్పుడు క్షమాభిక్ష ప్రకటిస్తాయి. కువైట్ 2018 మొదట్లో ప్రకటించింది. యూఏఈ 2018లోనూ, మళ్లీ 2024 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ వరకూ ప్రకటించింది. అట్లాంటి రోజుల్లో చదువు రాని మనిషికి ఫారం నింపి, వరుసలో తోడు నిలబడి, ఔట్‌పాస్ ఇప్పించి విమానం ఎక్కించిన వాలంటీర్ చేసిన మేలు వెయ్యి దిర్హాముల కంటే ఎక్కువ.

అక్కడ సేవ చేయాలనుకునేవాళ్లకు మా మనవి: ముందు నేర్చుకోండి. అరబ్బీలో నాలుగు ముక్కలు, ఇంగ్లీషులో ఒక అర్జీ, ఏ పనికి ఏ ఆఫీసు. నేర్చుకోవడానికి పెట్టిన టైము కూడా దానమే.

ఇంటికి ఫోన్ ఎవరు చేయాలి?

సేవ చేసేవాళ్లను అన్నిటికంటే ఎక్కువ వేధించే ప్రశ్న ఇది. మనిషి చనిపోయిండు. ఊళ్లో భార్యకు ఏమని చెప్పాలి? చాలామంది "సీరియస్‌గా ఉన్నడు, ఆసుపత్రిల ఉన్నడు" అంటారు. రెండు రోజులు అట్లనే నెట్టుకొస్తారు. ఉరేసుకున్నోణ్ని గుండెపోటు అంటారు. వాళ్ల మనసు మంచిదే. కానీ నాలుగో శీలం అబద్ధం ఆడొద్దని ఉంది. అబద్ధంలో కరుణ ఉంటే అది తప్పు కాదా?

మజ్ఝిమ నికాయంలో అభయ రాజకుమారుడితో జరిగిన సంభాషణలో తథాగతుడు మాటకు కొలతలు ఇచ్చాడు. మాట నిజమై ఉండాలి, మేలు చేసేదై ఉండాలి. అట్లాంటి మాట వినేవాళ్లకు చేదుగా ఉంటే, చెప్పడానికి తగిన సమయం చూడాలి. సమయం చూడమన్నాడు గానీ నిజాన్ని మార్చమనలేదు.

దీన్ని మన సంగతికి పెట్టి చూడండి. "బతికే ఉన్నడు" అని చెప్తే ఆ ఇల్లాలు రెండు రోజులు మొక్కులు మొక్కుతుంది, అప్పు చేసి ఆసుపత్రి ఖర్చుకు పంపుతానంటుంది. నిజం తెలిసిన నాడు ఆమెకు రెండు దెబ్బలు తగులుతాయి. పెనిమిటి పోయిండన్నది ఒకటి, అందరూ కలిసి తనను నమ్మించారన్నది రెండోది. గుండెపోటు అని చెప్పినదీ నిలవదు. మరణ ధ్రువీకరణ మీద కారణం రాసి ఉంటుంది. రేపు బీమా దరఖాస్తు పెట్టేనాడు ఆ కాగితం ఆమె చేతికే వస్తుంది.

అందుకని సరైన దారి ఇట్లా ఉంటుంది. నిజం చెప్పాలి, కానీ ఒంటరిగా ఉన్న మనిషికి ఫోన్లో చెప్పొద్దు. ముందు ఊళ్లో నమ్మకమైన ఇద్దరికి కబురు చేయాలి. ఆమె అక్కో వదినో దగ్గర ఉండేటట్టు చూడాలి. చిన్నపిల్లలను ఎవరో ఒకరు పక్కకు తీసుకుపోవాలి. అప్పుడు పెద్దమనిషి ఒకరు ఎదురుగా కూర్చుని, తక్కువ మాటల్లో, నిజంగా చెప్పాలి. మన సంఘం, మన విహారం ఊళ్లో ఉండేది ఇందుకే. అక్కడి వాలంటీర్‌కు ఇక్కడ ఒక చెయ్యి ఉండాలి. ఆ చెయ్యి మీరే.

"నా ఇల్లే గడవట్లే"

న్యాయమైన మాట. దాన్ని తీసిపారేయొద్దు. పిల్లల ఫీజు ఆపి, తల్లి మందులు ఆపి చేసే దానం ధమ్మం కాదు. సిగాలునికి తథాగతుడు చెప్పిన లెక్క గుర్తుచేసుకోండి. సంపాదనను నాలుగు భాగాలు చేసి, ఒకటి అనుభవించు, రెండు పనిలో పెట్టు, ఒకటి ఆపదకు దాచు అన్నాడు. గృహస్థు ఇల్లు నిలబెట్టుకోవడం ధమ్మంలో భాగమే. అప్పు తెచ్చి దానం చేయమని ఎవరూ చెప్పలేదు.

అయినా బాబాసాహెబ్ ఒక కొలత ఇచ్చి పోయారు. దీక్ష మరునాడు, 1956 అక్టోబర్ 15న నాగపూర్ ప్రసంగంలో, సంపాదనలో ఇరవయ్యో వంతు ధమ్మం కోసం ఇవ్వమని కోరారు. పైసలు ఇవ్వలేనోళ్లు ఆ కొలతను రోజులకు పెట్టుకోవచ్చు. నెలకు ముప్పై రోజులు. ఇరవయ్యో వంతు అంటే రోజున్నర. నెలలో నాలుగు సెలవులుంటే, ఒకటిన్నర సెలవు ఇతరులకు ఇవ్వడం. మిగతా రెండున్నర నిద్రకు, బట్టలు ఉతుక్కోవడానికి, పిల్లలతో వీడియో కాల్‌కు. ఇది మోయగలిగిన బరువే. సేవ చేసే మనిషి తన ఆరోగ్యం పోగొట్టుకుంటే ఇంకో వాలంటీర్‌కు పని పెట్టినట్టే.

ఇంకో బరువు ఉంది, అది తిట్లు. ఆలస్యమైతే ఇంటివాళ్లు తిడతారు. కంపెనీవాడు కసురుకుంటాడు. "వీడికి ఏం లాభమో" అని సొంత గదిలోవాళ్లే అనుమానిస్తారు. సూనాపరాంతం పోతానన్న పుణ్ణ భిక్షువును తథాగతుడు అడిగిన ప్రశ్నలు ఇక్కడ పనికొస్తాయి. అక్కడి జనం మొరటువాళ్లు, తిడితే ఏం చేస్తావు అని అడిగాడు. చేత్తో కొట్టలేదు గదా, మంచివాళ్లే అనుకుంటానన్నాడు పుణ్ణుడు. కొడితే? రాయితో కొట్టలేదు గదా అనుకుంటానన్నాడు. ప్రశ్న ఎంత పెరిగినా ఓర్పు అంతే పెరిగింది. అప్పుడు గానీ పొమ్మనలేదు. క్షాంతి లేకుండా పరదేశంలో సేవ చేయలేం. అట్లని కంపెనీవాడి అన్యాయాన్ని ఓర్చుకోమని దీని అర్థం తీయకండి. తనకు తగిలిన తిట్టును ఓర్చుకోవాలి, పక్కవాడి జీతం కోసం గట్టిగా అడగాలి.

తిరిగొచ్చినంక

మన నేలకు దూర ప్రయాణం కొత్త కాదు. తథాగతుని కాలంలో పదహారు మహాజనపదాల్లో అస్సక ఒకటి, గోదావరి ఒడ్డున ఉండేది. దాని రాజధాని పోతలి, పోదన అని పిలిచిన పట్నం మన బోధనే అని చరిత్రకారులు చెబుతారు. సుత్తనిపాతంలో ఈ గోదావరి తీరాన ఉన్న బావరి కథ ఉంది. వయసు మీదపడి తాను పోలేక, పదహారు మంది శిష్యులను బుద్ధుని దగ్గరికి పంపాడు. వాళ్లు పైఠాన్, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, శ్రావస్తి మీదుగా మగధ దాకా నడిచారు. తమ ప్రశ్నలకు జవాబు తెలుసుకున్నారు. అందులో పింగియుడు, తనూ ముసలివాడే, తిరిగి బావరి దగ్గరికి వచ్చి చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు చెప్పాడు.

గల్ఫ్ నుంచి వచ్చే ప్రతి మనిషి పింగియుడు కావాలి. బంగారం, సెంటు సీసాలు తెస్తారు, సంతోషమే. దాంతో పాటు నిజం కూడా తీసుకురండి. ఏ ఏజెంటు మోసం చేశాడో, ఏ వీసా పనికిరాదో, ఎండలో పని ఎట్లా ఉంటదో దాచకుండా చెప్పండి. "నేను మంచిగనే ఉన్న" అని గొప్పకు చెప్పిన అబద్ధం విని ఊళ్లో ఇంకో పిల్లగాడు మిత్తికి తెచ్చి విమానం ఎక్కుతడు.

ఇంకో నిజం కూడా తీసుకురండి. క్యాంపులో ఒక్క గంజులో వండుకుని అన్ని కులాలవాళ్లు తిన్నరు. రెడ్డి పిల్లగాడికి జ్వరమొస్తే మాదిగ పిల్లగాడు తడిగుడ్డ వేసిండు. ఊరికి వచ్చినంక ఆ ఇద్దరూ ఎదురుపడితే ఏమవుతున్నది? ఒక్క అరుగు మీద కూర్చుంటున్నరా? పరాయి దేశంలో సాధ్యమైనది సొంత ఊళ్లో ఎందుకు సాధ్యం కాదు? ఆ ప్రశ్న ఊరి నడిమిట్ల అడగగలిగే అర్హత అక్కడ సేవ చేసి వచ్చినోడికి ఉంది. అడగండి.

ఇక్కడ ఉన్న మనం చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. పోయేవాళ్ల కాగితాలు పోకముందే చూడండి. పది పాస్ కాని పాస్‌పోర్టు మీద గల్ఫ్ పోతే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. దాంతో పాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన చేయించాలి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375, పన్ను అదనం. ప్రమాదంలో పోతే ఇంటికి 10 లక్షలు వస్తాయి. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 5 లక్షల సాయం 2024లో ప్రకటించింది. అట్లాంటి ఇల్లు మీ ఊళ్లో ఉంటే కలెక్టరేట్‌లో దరఖాస్తు ఇచ్చేదాకా తోడు పోండి.

బాబాసాహెబ్ తన గ్రంథం ముందుమాటలో ఒక ప్రశ్న వేశారు. బుద్ధుడు భిక్షువును ఎందుకు తయారు చేశాడు, పరిపూర్ణ మానవుడిగానా, సమాజ సేవకుడిగానా? తన పరిపూర్ణత ఒక్కటే చూసుకునే భిక్షువు స్వార్థపరుడని, సేవకుడైన భిక్షువే బౌద్ధానికి ఆశ అని ఆయన ఆలోచన. కాషాయం కట్టనివాళ్లకు కూడా ఆ ప్రశ్న వర్తిస్తుంది. మనం ధమ్మం తీసుకున్నది మన ఒక్కరి మనశ్శాంతికా, పక్క మంచం మీద మనిషి కోసం కూడానా?

ఈ వారం మీ విహారంలో ధమ్మ వందన అయినాక పావుగంట ఈ సంగతి మాట్లాడుకోండి. మీ వాడ నుంచి ఏ దేశంలో ఎవరున్నరో, ఆపద వస్తే ఎవరికి ఫోన్ చేయాలో ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఆ పుస్తకంలో మీ ఫోన్ నంబరు కూడా రాయండి.

నమో బుద్ధాయ. జై భీమ్.